పదకొండు బడుల గాలిపెట్టె

జులై 2. హాజరు 63కి 61. ఉదయం ఉక్క 1,110.

ఆరున్నరకు సామాను గది తెరిచాను. సుద్దముక్కలు 212. నిన్నటికంటే తొమ్మిది తక్కువ. ఎనిమిది వాడినట్టు తేలింది. తొమ్మిదోది మూడో తరగతి గోడ మీద పిల్లిగా మారి ఉంది. నమోదు చేశాను.

తర్వాత తరగతి గదుల్లో ఉక్క కొలిచాను. మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత నిలిచిపోయిందో ఈ అంకె చెబుతుంది. గాలిపెట్టె సరిగా పనిచేస్తుంటే పిల్లలు రాకముందు ఏడువందలు దాటకూడదు. పదిహేనువందలు దాటితే బడి వదిలెయ్యాలి. అయిదువేలు దాటిన గదిలో మనిషి ఉండకూడదు. పైన నేల మీద ఈ గొడవ లేదు. అక్కడ ఉన్నది యాభై ఎనిమిది డిగ్రీల ఎండ. మా ముగ్గురాయి గని నాలుగో మెట్టులో ముప్పై ఒకటి. అందుకే అందరం ఇక్కడున్నాం.

మధ్యాహ్నం తనిఖీ నోటీసు వచ్చింది. జులై 14. మా వలయంలో పదకొండు బడులున్నాయి. ఈసారి తనిఖీ మాతోనే మొదలు. హెడ్మిస్ట్రెస్ భాగ్యలత నోటీసు చదివి నా బల్ల మీద పెట్టింది. ఆమె నా మనవరాలు. బడిలో ఉన్నంతసేపు నేను ఆమెను హెడ్మిస్ట్రెస్ గారూ అని పిలుస్తాను. ఆమె నన్ను జేజీ అనే పిలుస్తుంది. దీని మీద రెండుసార్లు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాను.

పలకరాయి గనికి ఫోను చేసి పెట్టె పంపమని చెబుతానంది.

ప్రతి బడికీ అదనపు గాలిపెట్టె ఒకటి ఉండాలని నియమం. లేని బడిని మూసేసి, పిల్లల్ని డెబ్బై కిలోమీటర్ల అవతల పెద్దగని హాస్టలుకు పంపుతారు. మా పదకొండు బడులకూ కలిపి ఉన్నది ఒక్క పెట్టె. మూడేళ్లకోసారి తనిఖీ వచ్చినప్పుడు అది ఇన్‌స్పెక్టరు కంటే ముందు ఒక్కో బడికీ వెళ్లి కూర్చుంటుంది. ఇన్‌స్పెక్టరు ఒక యంత్రం. మూడు చక్రాలు, ఒక కన్ను, ఒక ముద్ర. ప్రభుత్వం ధ్రువీకరించిన దారిలోనే నడవాలని దానికి ఆదేశం. పెట్టె పాత ఖనిజం బండ్ల సొరంగంలో వస్తుంది. అది దగ్గర దారి. పైగా, ఒక బడిని చూసిన కంటితో మరో బడిని చూడరాదని ఉపాధ్యాయ సంఘం ఎప్పుడో కేసు గెలిచింది. కాబట్టి ముద్ర వేసిన మరుక్షణం యంత్రం ఆ బడిని మరిచిపోతుంది. ఒకే పెట్టెను పదకొండుసార్లు చూసి, పదకొండుసార్లూ బాగుందని రాసుకుంటుంది. చివరి బడి పెట్టెను మళ్లీ తనిఖీ వచ్చేదాకా ఉంచుకుని, తర్వాతి తనిఖీలో మొదటి బడికి అందిస్తుంది. పోయినసారి చివరిది పలకరాయి గని.

నా సామాను రిజిస్టరులో మాత్రం అబద్ధం లేదు. తనిఖీకి ముందురోజు పేజీలో "అదనపు గాలిపెట్టె: 0". తనిఖీ రోజు "1". మర్నాడు "0". మూడూ నిజమే. ఇన్‌స్పెక్టరు తనిఖీ రోజు పేజీ ఒక్కటే అడుగుతుంది. ముందురోజు పేజీ అడిగితే చూపడానికి ముప్పై ఏళ్లుగా సిద్ధంగా ఉన్నాను. అడగలేదు.

జులై 4. హాజరు 63కి 60. ఉదయం ఉక్క 1,190. సాయంత్రం 1,390.

మా అసలు గాలిపెట్టెలోని సున్నపు దిమ్మలు అయిపోవస్తున్నాయి. చెడ్డ ఊపిరిని తాగేవి ఆ దిమ్మలే. అవి నిండితే పెట్టె ఎంత తిరిగినా ఫ్యాను గాలే. కొత్త దిమ్మలు కావాలని జూన్ 18న శాఖకు రాశాను. ఈ రోజు జవాబు వచ్చింది. యథాతథంగా: "కొత్త దిమ్మలు తొంభై రోజుల్లో అందుతాయి. మీ వద్ద అదనపు గాలిపెట్టె ఉన్నట్టు రికార్డు. అంతవరకు దానిని వాడుకొనగలరు."

నాలుగో తరగతిలో మొదటి గంటలో ఆవలింతలు 37. నిన్న 24. పాఠం వల్ల కావచ్చునని టీచరు అంది. అదే పాఠం నిన్నా చెప్పారు.

జులై 5. హాజరు 61. ఉదయం ఉక్క 1,230.

పెట్టెను తనిఖీ దాకా ఆగకుండా ఇప్పుడే తెప్పించి నిజంగానే వాడుకుందామని భాగ్యలతతో చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. ఆ పెట్టెను వాడవచ్చునన్న సంగతి ఆమెకు తోచినట్టు లేదు. ఎవరికీ తోచలేదు, ముప్పై ఏళ్లలో దాన్ని నడిపినవాళ్లు నాకు తెలిసి లేరు. పచ్చదీపం వెలిగిస్తాం, ఇన్‌స్పెక్టరు చూస్తుంది, దీపం ఆర్పుతాం.

బండి చీటీ రాయాలంటే బరువు కావాలి. పెట్టె వచ్చిన ప్రతిసారీ తూచి రాసుకోవడం నా పద్ధతి. పాత రిజిస్టర్లు తీశాను. మొదటి ఆరు తనిఖీల్లోనూ 64 కిలోలు. తర్వాతి నాలుగింటిలో 41.

మొదటి 41 పక్కన, రిమార్కుల గడిలో, నా చేతిరాతలో ఇలా ఉంది: "బరువు తేడా 23 కిలోలు. నమోదు చేయడమైనది."

గాలిపెట్టెలో సున్నపు దిమ్మల బరువు 23 కిలోలు.

ఈ పేజీని నేను చాలాసేపు చూశాను. గడులు సూటిగా గీసి ఉన్నాయి. అంకెలు దిద్దినవి కావు. కొట్టివేత ఒక్కటీ లేదు.

జులై 6. ఆదివారం. బడి లేదు.

ఖనిజం బండిలో పలకరాయి గనికి వెళ్లాను. నా సొంత తూకం కొక్కెం తీసుకెళ్లాను. అక్కడి హెడ్మాస్టరు తిమ్మారెడ్డికి యాభై రెండేళ్లు. నన్ను పెద్దమ్మా అంటాడు. ప్రతి తనిఖీకీ పెట్టె వెంట తానే స్వయంగా బడి బడికీ వచ్చే మనిషి. అంత బాధ్యత ఇంకెవరికీ లేదని మా అందరికీ ఆయనంటే గౌరవం.

పెట్టె వాళ్ల గ్రంథాలయంలో, గుడ్డ కప్పి ఉంది. ఈమధ్యే రంగు వేశారు. తెరిచి చూపమన్నాను. సీలు ఉందన్నాడు. సీలు తీస్తే పెట్టె చెల్లదన్నాడు. అది నిజమే, నియమం ఉంది. అయితే తూస్తానన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు. తూచాను. 41.

"ఇది ఉత్త డబ్బా, తిమ్మారెడ్డీ."

"దీపం ఎలుగుతాది గదా పెద్దమ్మా."

"దీపాన్ని పీలుస్తారా పిల్లలు?"

"తనిఖీకి దీపమే గదా కావాల. మల్లా మూడేండ్ల దాంకా దాన్ని ఎవురడుగుతారు?" అన్నాడు. టీ తాగి పొమ్మన్నాడు. తాగలేదు.

పాత రిజిస్టర్ల అంకెలు చదివి వినిపించాను. ఆయన వింటూ గుడ్డ అంచు సరిచేస్తూ ఉండిపోయాడు. దిమ్మలు ఎవరు తీశారో తెలుసా అంటే, పదకొండు బడులు తిరిగిన పెట్టె, ఎవరని చెప్పేది అన్నాడు.

జులై 7. హాజరు 58. ఉదయం ఉక్క 1,290.

తనిఖీ నియమావళి మొత్తం చదివాను. 212 పేజీలు. 41వ నియమం ఇలా ఉంది. ఒక వలయంలోని బడుల్లో సగానికి మించి, మొదటి బడికి ముద్ర పడేలోగా, తమంతట తామే ఒకే లోటును రాసిస్తే, ఆ లోటు బడులది కాదు, శాఖది. అప్పుడు ఏ బడినీ మూయడానికి లేదు. పాత సంతకాల మీద చర్య ఉండదు. లోటును శాఖే తీర్చాలి. అయితే లోటు రాసిచ్చిన బడిలో తనిఖీ వేళ ఆ వస్తువు కనబడితే ఆ కాగితం చెల్లదు.

పదకొండులో సగానికి మించి అంటే ఆరు.

భాగ్యలతకు చూపించాను. కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు పైకప్పు రాయి వంక చూసింది. మూడేళ్ల కింద 'ఉంది' అని సంతకం పెట్టింది తనే. ఆరు కాగితాలు రాకపోతే ఆ సంతకం ఒక్కటి చాలు, ఆమె ఉద్యోగం పోవడానికి. మా బడి ఎటూ పోతుంది.

"అయిదు వచ్చి ఆగిపోతే ఎట్ల జేజీ?"

ఆగిపోతే అయిదు బడులు మూతపడతాయని చెప్పాను. అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. రాసివ్వకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. ఉక్క రోజుకు దాదాపు నలభై చొప్పున పెరుగుతోంది. తొంభై రోజులను నలభైతో హెచ్చవేయమన్నాను. ఆమె హెచ్చవేయలేదు. కలం అడిగింది.

ఒకటి.

జులై 10. హాజరు 57. ఉదయం ఉక్క 1,400.

నాలుగు రోజుల్లో ఏడు బడులు తిరిగాను. బండిలో 118 కిలోమీటర్లు. నడక లెక్క వేయలేదు.

సున్నపురాయి గని హెడ్మాస్టరు ఖాజాపీరు చదవకుండానే సంతకం పెట్టబోయాడు. చదివించాకే పెట్టనిచ్చాను. ఇద్దరు అక్కచెల్లెళ్లు నడిపే ఎర్రమెట్టు బడిలో, అక్క ఒప్పుకుంది, చెల్లెలు వద్దంది, చివరికి చెల్లెలే సంతకం పెట్టి అక్కను తిట్టింది. మరో రెండు గనుల వాళ్లు, మిగతావాళ్లు పెడితే పెడతామని విడివిడిగా చెప్పారు. ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టాను. ముగ్గురు వద్దన్నారు. వాళ్లలో ఒకాయన, ఇన్నేళ్లు లేని లోటు ఇప్పుడెందుకు పుట్టిందని అడిగాడు. పుట్టి పన్నెండేళ్లయిందని చెప్పాను. అంత పాతదైతే ఇంకా మంచిది, అలవాటైపోయి ఉంటుందన్నాడు.

మొత్తం అయిదు. మిగిలిన రెండు బడులకు తనిఖీలోగా బండి లేదు.

తిమ్మారెడ్డికి మూడుసార్లు ఫోను చేశాను. చూద్దాంలే పెద్దమ్మా అన్నాడు మూడుసార్లూ.

జులై 12. హాజరు 55. ఉదయం ఉక్క 1,480.

పదిన్నరకు 1,500 దాటింది. బడి వదిలేశాం. వదిలేముందు నాలుగో తరగతి హసీనా తలను బల్ల మీద ఆనించి నిద్రపోయింది. టీచరు లేపితే లేవలేదు. నేను వెళ్లి లేపాను. లేవలేదు. ఎత్తుకుని ప్రధాన సొరంగంలోకి తెచ్చాక కళ్లు తెరిచి, బెల్లు కొట్టినారా అని అడిగింది. మొదట లేపిన దగ్గర్నుంచి కళ్లు తెరిచేదాకా రెండు నిమిషాల పది సెకండ్లు. పిల్ల బరువు 22 కిలోలు. డెబ్బై ఒకటో ఏట నేను అంత బరువు ఎత్తగలనని అనుకోలేదు.

తిమ్మారెడ్డికి నాలుగోసారి ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. విని, ఫోను పెట్టేశాడు.

జులై 14. తనిఖీ. పిల్లల్ని తొమ్మిదిన్నర దాకే ఉంచేలా ముందే ఏర్పాటు.

9.00. ఇన్‌స్పెక్టరు వచ్చింది. పిల్లలు లేచి నమస్కారం చెప్పారు. అది 56 నమస్కారాలు నమోదు చేసుకుంది. హాజరు, సుద్దముక్కలు, మరుగుదొడ్లు, పటాలు వరుసగా చూసింది. మూడో తరగతి గోడ మీది పిల్లిని పటాల కింద లెక్కించింది. నేను సరిదిద్దాను.

9.40. పిల్లలు వెళ్లిపోయారు. సామాను గదికి వచ్చాం. నేను, భాగ్యలత, అది.

"అదనపు గాలిపెట్టెను చూపవలెను," అంది.

"లేదు," అంది భాగ్యలత. మాట స్పష్టంగానే ఉంది.

ముప్పై ఏళ్లలో దానికి ఈ జవాబు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా గుర్తుండదు. నాలుగు నిమిషాలు కదలకుండా నిలబడింది. తర్వాత 41వ నియమం కింద కాగితాలున్నాయా అని అడిగింది. అయిదు ఇచ్చాను. అయిదూ చదివింది. ఆరు కావాలంది. పదకొండున్నరకు ముద్ర వేస్తానంది.

9.52. అప్పుడు ఖనిజం సొరంగం వైపు తలుపు తోసుకుని తిమ్మారెడ్డి వచ్చాడు. బండి తోసుకుంటూ, చెమటతో తడిసి. బండి మీద గుడ్డ కప్పిన పెట్టె. చివరి బడి మొదటి బడికి పెట్టె అందించాలి. అది మా వలయం ఆచారం, ముప్పై ఏళ్లలో ఎవరూ తప్పలేదు. ఆయనా తప్పలేదు.

"తెచ్చినా పెద్దమ్మా," అన్నాడు, రొప్పుతూ. "ఆ పాప సంగతి ఇన్నాక ఇంట్లో కూర్చోలేకపోతి. బడి మూస్తే ఆ పాప యాడికి పోతాది? ఏందో ఒకటి చూపిచ్చుకోండి." అప్పటికి గాని ఇన్‌స్పెక్టరును చూడలేదు.

ఇన్‌స్పెక్టరు కన్ను పెట్టె వైపు తిరిగింది. ఒక వస్తువు కనబడుచున్నదని, దానిని పరిశీలించవలసి ఉన్నదని చెప్పింది. గుడ్డ తీయించింది. దీపం వెలిగించమంది. తిమ్మారెడ్డి అలవాటుగా మీట నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. భాగ్యలత గోడకు ఆనుకుంది.

"అదనపు గాలిపెట్టె ఉన్నది. లోటు కాగితం చెల్లదు," అంది ఇన్‌స్పెక్టరు.

ముద్ర తీయకముందే 17వ నియమం కింద పనితీరు పరీక్ష కోరుతున్నానని చెప్పాను. బడి కోరితే యంత్రం కాదనకూడదు. పరీక్ష ఇలా: మూసిన గదిలో పెట్టె నడుస్తుండగా ఇద్దరు పెద్దవాళ్లు గంటసేపు కూర్చోవాలి. ఉక్క పెరగకపోతే పెట్టె పనిచేస్తున్నట్టు. ఈ పరీక్షను ఎవరైనా కోరినట్టు రికార్డు లేదని అది చెప్పింది. రెండు పేర్లు అడిగింది.

భాగ్యలత నోరు తెరిచింది. హెడ్మిస్ట్రెస్ గారు బయట ఉండాలని చెప్పి నా పేరు రాశాను.

"రెండవ పేరు?"

తిమ్మారెడ్డి పెట్టెను చూశాడు. లోపల ఏముందో, ఏం లేదో, మా అందరికంటే ఆయనకే బాగా తెలుసునని ఆ చూపులో నాకు అర్థమైంది. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నా పేరు రాసుకో సామీ," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

10.20. తలుపు మూశారు. సామాను గది ఎనిమిదడుగులు, ఆరడుగులు, ఎత్తు ఏడు. తలుపులో అద్దం ఉంది. అద్దం అవతల ఇన్‌స్పెక్టరు కన్ను, దాని పక్కన భాగ్యలత. ఉక్క 1,410.

10.30. 2,200. దీపం పచ్చగానే ఉంది. ఇద్దరం ఖాళీ పలకల పెట్టెల మీద కూర్చున్నాం.

10.45. 3,380. తల వెనక బరువు. తిమ్మారెడ్డి మాట్లాడడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ల కింద, పెట్టె తన బడిలో ఉన్న ఏడాది, వాళ్ల అసలు గాలిపెట్టె పరీక్షల మధ్యలో ఆగిపోయిందట. నలభై నాలుగు మంది పిల్లలు. సొరంగంలో రాళ్లు పడి దారి మూసుకుంది, బయటికి పంపడానికి లేదు. సీలు పగలగొట్టి, దిమ్మలు తీసి, అసలు పెట్టెలో వేశాడు. మూడు రోజులు నడిచాయి. దారి తెరిచాక కొత్త దిమ్మలకు శాఖకు రాశాడు. మీ వద్ద అదనపు గాలిపెట్టె ఉన్నట్టు రికార్డు అని జవాబు వచ్చింది. సీలు తిరిగి అంటించాడు. ఎవరూ తెరవకుండా చూసుకోవడానికే ప్రతిసారీ పెట్టె వెంట తిరిగాడు.

"మా పిల్లోల్లు బతికినారు. మీకందరికీ ఉత్త డబ్బా తిప్పినా," అన్నాడు.

దిమ్మలు తీయడం తప్పు కాదని, చెప్పకపోవడం తప్పని అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు తూస్తివి గదా పెద్దమ్మా. నాలుగు తూర్లు తూస్తివి. తూచినప్పుడల్లా నీ ముందర నిలబడుకొని, ఈ తూరి అడుగుతాదిలే, చెప్పేస్తాం, బరువు దిగిపోతాది అనుకుంటి. నువ్వేమో రాసుకొని, సంతకం పెట్టు నాయనా అంటివి."

11.00. 4,560. నా అక్షరాలు పెద్దవవుతున్నాయి. కాగితం ఆయన ముందు పెట్టాను. అది ఆరో కాగితం. చదవమన్నాను. చదివాడు. దొంగనంటారేమో అన్నాడు. అనవచ్చునన్నాను. కలం తీసుకున్నాడు.

11.06. 5,000. పరీక్ష ఆపాలి. ఇన్‌స్పెక్టరు ఆపలేదు. దీపం పచ్చగా ఉంటే పెట్టె నడుస్తున్నట్టు. అంకె అయిదువేలు దాటితే నడవనట్టు. రెండూ ఒకేసారి రాయడానికి దాని ఫారంలో గడి లేదు. భాగ్యలత గడియ మీద చెయ్యి వేసింది. గంట నిండకముందు తలుపు తీస్తే పరీక్ష చెల్లదు. వద్దని తల ఊపాను. ఆమె చెయ్యి తీయలేదు. తలుపూ తీయలేదు. నన్నే చూస్తూ ఉంది.

11.14. తిమ్మారెడ్డి కళ్లు మూసుకున్నాడు. ఎక్కాలు చెప్పమన్నాను. పదమూడో ఎక్కం చెప్పాడు. పదమూడెనిమిదులు నూట పద్నాలుగన్నాడు. సరిదిద్దాను.

11.20. 6,150. తలుపు తీశారు.

భాగ్యలత నన్ను భుజం పట్టుకుని సొరంగంలోకి తీసుకెళ్లింది. హెడ్మిస్ట్రెస్ గారూ అన్నాను. గమ్మునుండు జేజీ అంది. ఈసారి అభ్యంతరం రాయలేదు.

ఇన్‌స్పెక్టరు ఆరో కాగితం తీసుకుని చదివింది. తర్వాత రాసుకుంది, బయటికి చదువుతూ: "అదనపు గాలిపెట్టె: లేదు. అదనపు ఇనుప పెట్టె: ఒకటి. దీపము: వెలుగుచున్నది." 11.29కి ముద్ర వేసింది. మమ్మల్ని మరిచిపోయింది. దారి ఎటని అడిగింది. చూపించాను.

జులై 15. ఉదయం ఉక్క 1,500. బడి లేదు.

సామాను రిజిస్టరులో ఇంకా ఒక గడి ఖాళీగా ఉంది. తేడాకు కారణం. ఇన్‌స్పెక్టరు అడగలేదు కాబట్టి గదిలోని మాటలు దాని రికార్డులో లేవు. తిమ్మారెడ్డికి ఫోను చేసి, ఏం రాయాలో తెలుసు, రాయమంటావా అని అడిగాను. దొంగతనమనా అన్నాడు. దొంగతనం గడి వేరే ఉందని, అది ఖాళీగానే ఉంటుందని చెప్పాను. అయితే రాయి పెద్దమ్మా అన్నాడు.

రాశాను: "సున్నపు దిమ్మలు 23 కిలోలు. పలకరాయి గని బడి. పిల్లలు 44. మూడు రోజులు. వాడకం."

పన్నెండేళ్లు ఆలస్యమైందని పక్కన రాసి, తేదీ వేసి, నకలు శాఖకు పంపాను.

జులై 24. హాజరు 63కి 63. ఉదయం ఉక్క 660.

శాఖ ఉత్తర్వు వచ్చింది. దానికంటే రెండు రోజుల ముందే కొత్త దిమ్మలు వచ్చాయి. ఉత్తర్వులో పదకొండు పేరాలున్నాయి. లోటు శాఖది. ఏ బడినీ మూయరాదు. పదకొండు గాలిపెట్టెలు నలభై రోజుల్లో, అందులో మొదటి నాలుగు ఈ వారమే. పాత సంతకాల మీద చర్య లేదు. పలకరాయి గని హెడ్మాస్టరు సీలు తీసిన విషయం అత్యవసర వాడకంగా పరిగణించి ముగించడమైనది. ఈ పేరాను భాగ్యలత రెండుసార్లు చదివి, వెంటనే తిమ్మారెడ్డికి ఫోను చేసింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. భాగ్యలత చాలాసేపు ఊ కొడుతూ ఉంది.

పదకొండో పేరా నా గురించి.

"సామాను రిజిస్టరు: సరిగా ఉన్నది. ముప్పై సంవత్సరములలో ఒక్క తప్పు లేదు. రిజిస్టరు నిర్వహించువారు: తేడాను పన్నెండు సంవత్సరములు రాసిరి, ఒక్కసారియు అడగలేదు. ఈ బాధ్యతనుండి తప్పించడమైనది."

అప్పీలు చేద్దామంది భాగ్యలత. కళ్లలో నీళ్లు పెట్టుకుంది. నీ వల్లే గదా జేజీ ఇదంతా బయటపడింది, అది రాయకుండా ఇది రాస్తారా అంది.

అప్పీలు చేయాలంటే ఉత్తర్వులో తప్పు ఎక్కడుందో చూపాలి. కళ్లజోడు తుడుచుకుని ఆ పేరాను మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చదివాను. ఎక్కడా దొరకలేదు.

అందినట్టు సంతకం పెట్టి, సామాను గది తాళంచెవి ఆమె చేతికిచ్చాను.